డాక్టర్ ఎవెలియో పొట్టలో కుట్లు

మా సుక్రే ఊరి ఆసుపత్రిలో పిత్తనాళం కుట్టడం దగ్గర రెండు మతాలున్నాయి. పెద్దాయన డాక్టర్ ఎవెలియోది విడి ముళ్ల మతం: ప్రతి కుట్టుకీ దాని ముడి దానికి పడాలి. ఆయన శిష్యురాలు కసిల్డాది ఒంటి దారం మతం: ఒకే దారం ఆగకుండా చుట్టూ తిరిగి రావాలి. ఆమెను ఆయన "దర్జీ అమ్మాయి" అని పదిమందిలో ఏడిపించేవాడు. నిజానికి ఆమెంత మంచి చెయ్యి మా దగ్గర ఇంకొకటి లేదు. ఆ మాట ఆయన నోటివెంట ఒక్కసారి వినాలని ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూసింది. నేను మత్తు డాక్టర్ని. రోగి తల దగ్గర కూర్చుని ఈ తమాషా అంతా చూసేవాణ్ని.

ఆ పిత్తాశయ పండితుడు రోజూ పొద్దున్నే నూనె ఓడే చొరిజో, అదే పందిమాంసం సాసేజీ, తినేవాడు. పిత్తాశయంలో రాళ్లు పడ్డాయి. కసిల్డా చేత కోయించుకుంటే పరువు పోతుందని, తానేమన్నా "అవును డాక్టర్" అనే ఇంకో శిష్యుడు రోములో చేతిలో పొట్ట పెట్టాడు. గురువుగారి పొట్ట చూసేసరికి రోములోకి చేతులాడలేదు. పిత్తాశయంతోపాటు అసలు నాళాన్నే కత్తిరించేశాడు. పిత్తం పేగులోకి దిగే దారి లేక పెద్దాయన పసుపుకొమ్ములా పచ్చబడ్డాడు. ఇక మిగిలిన మొండి నాళాన్ని చిన్నపేగుకి కలిపి కుట్టాలి. ఆ కుట్టు కారినా, మూసుకుపోయినా మనిషి దక్కడు. చచ్చినట్టు కసిల్డానే పిలిపించాడు.

"విడి ముళ్లే వెయ్యాలి. ఒట్టెయ్యి," అన్నాడు బల్లమీద పడుకుని.

"నాళం చూశాక చెప్తా డాక్టర్."

"పొట్ట నాదే!"

"పొట్ట మీదే. సూది నాది. పడుకోండి, మీ నోటికి కాసేపు విశ్రాంతి."

ఆయన ఇంకేదో అనబోతుంటే మత్తెక్కించాను. నిజం చెప్పాలంటే, కాస్త తొందరగానే ఎక్కించాను.

నాళం గడ్డిపోచలా సన్నగా ఉంది. కసిల్డా చాలాసేపు చూసింది.

"ఒంటి దారం లాగితే నాడా బిగించినట్టు మూసుకుపోతుంది. ముసలాయన మాటే కరెక్టు, నా ఖర్మ!" అంది. విడి ముళ్లే వేసింది. పక్కన నిలబడి ప్రతి దారం కొసా కత్తిరించింది రోములోనే.

మెలకువ రాగానే పెద్దాయన అడిగిందదే: "ఏం వేశావ్?"

"మీరు చెప్పినట్టే డాక్టర్."

ఆయన నమ్మనట్టు నీరసంగా నవ్వాడు. మత్తు దిగిన ప్రతి రోగితోనూ, లోపల ఏం చేసినా సరే, "మీరు చెప్పినట్టే" అనడం మా ఆసుపత్రి అలవాటు. అలవాటు చేసింది ఆయనే.

కామెర్ల పచ్చదనం దిగిపోయింది. ఆయన మళ్లీ పాఠం చెప్పడానికి వచ్చిన రోజు హాలు కిటకిటలాడింది.

"ఇన్నాళ్లూ నేను మూర్ఖుణ్ని," అన్నాడు. "ఇవాళ నిలబడ్డానంటే ఈ పిల్ల ఒంటి దారం వల్లే. దీన్ని మించిన చెయ్యి ఈ దేశంలో లేదు."

కసిల్డా లేచి నిలబడింది. "డాక్టర్, మీకు వేసింది విడి ముళ్లు."

"అవును, నేనూ చూశాను," అన్నాను.

"నువ్వెప్పుడూ దాని జట్టేగా! రోములో, నువ్వు చెప్పరా."

రోములో గురువుగారి ముఖం చూశాడు. ఆ ముఖం ఏం వినాలనుకుంటోందో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"ఒంటి దారమే డాక్టర్."

"చూశారా, ఎంత వినయమో!" అంటూ ఎవెలియో దిగి వచ్చి ఆమెను కౌగిలించుకున్నాడు. హాలంతా చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది. కసిల్డా వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకుని అందరూ ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.