మూడింటి తువ్వాలు

ఆమెకి అన్నిటికంటే పెద్ద భయం, తను చూపు తిప్పుకున్న క్షణంలో బిడ్డ ఊపిరి ఆగిపోతుందని. చీకటంటే భయం లేదు. మేస్త్రి అరుపులంటే భయం లేదు. లారీ తోలే మొగుడు నెలలో మూడు వారాలు రోడ్ల మీదే ఉన్నా ఒంటరిగా ఉండడానికీ భయం లేదు. మిగతా భయాలన్నిటినీ బయటికి గెంటేసి, ఇదొక్కటే ఇల్లంతా ఆక్రమించుకుని కూర్చుంది.

ఊరికే పుట్టిన భయం కాదది. పాపకి పది నెలలప్పుడు జ్వరం వచ్చి, ఒళ్లో ఉండగానే కొయ్యలా బిగుసుకుపోయింది. కళ్లు తేలేసింది. పెదాలు నీలంగా తిరిగాయి. రెండే రెండు నిమిషాలు. తర్వాత కెవ్వుమంది, అంతా మామూలయింది. "జ్వరానికి కొందరు పిల్లలకి ఇలా వస్తుందమ్మా, అయిదారేళ్లు వచ్చేసరికి అదే పోతుంది," అంది డాక్టరమ్మ. అయిదారేళ్లు! ఆమెకి ఆ రెండు నిమిషాలే ఇంకా గడవలేదు.

అప్పటినుంచీ పాప నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడం అలవాటైంది. వెచ్చగా తగిలితే వేలు తీసేది. తీసిన మరుక్షణం అనుమానం, ఇప్పుడు ఆగిందేమోనని. మళ్లీ వేలు.

కానీ వేలు ఇంట్లో వదిలి పనికి వెళ్లలేదు కదా. ఆమె పని చొక్కాలు కుట్టే యూనిట్లో, మూడో అంతస్తులో. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే సాయంత్రం ఆరుకి లేవడం. ఫోన్లు కింద గేటు దగ్గర పెట్టెలో వెయ్యాలి. ఒంటిగంటకి భోజనాల గంట కొట్టినప్పుడు మాత్రం తీసుకోవచ్చు. అంటే గంటకి ముందు అయిదు గంటలు, తర్వాత ఇంచుమించు మరో అయిదు గంటలు, బిడ్డ ఉందో లేదో తెలియకుండా కాలర్లు అతికిస్తూ కూర్చోవాలి.

పాపని చూసుకునేది పక్కవాటాలో ఒక్కతే ఉండే మామ్మ. వెనకటికి బళ్లో పిల్లలకి అల్లికలు నేర్పేదట. రక్తసంబంధం ఏమీ లేదు, అయినా ఆ భవనంలో అందరికీ మామ్మే. తిండి తక్కువ, అరుపు ఎక్కువ అని పాపకి 'పిచ్చుక' అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

"ఏమే, నిన్న కాలర్లు తిరగేసి కుట్టావటగా?" అని ఒకరోజు మామ్మ అడిగింది.

"మీకెవరు చెప్పారు?"

"మీ పక్క మిషను వదిన. మెట్ల మీద కనబడి, నీ పరువు మొత్తం ఆరేసి పోయింది."

ఆమెకి నవ్వొచ్చి, నవ్వులోంచే ఏడుపొచ్చింది. "నా వల్ల కావడం లేదు మామ్మా. సూది కింద బట్ట కనబడదు, పాప మొహం కనబడుతుంది."

మామ్మ బాల్కనీ వైపు చూసింది. "మీ కిటికీలోంచి నా బాల్కనీ కనిపిస్తుందన్నావు కదూ? అయితే విను. పదకొండింటికి పసుపు తువ్వాలు కమ్మీ మీద వేస్తాను. ఒంటిగంటకి తీసేస్తాను, అప్పుడెలాగూ ఫోను చేస్తావు. మూడింటికి మళ్లీ వేస్తాను. తువ్వాలు ఉందా, పిచ్చుక బాగుంది. లేదా, అన్నీ వదిలేసి పరిగెత్తుకురా. సరేనా?"

అలా మొదలైంది. ఎనిమిది నెలలు తువ్వాలు ఒక్కపూట తప్పలేదు. పదకొండింటికీ మూడింటికీ ఆమె తల ఎత్తేది. రోడ్డుకి అవతల, రెండో అంతస్తులో, అరచేతంత పసుపు. అంతే, గుండె చోటుకి వచ్చి కూర్చునేది. కాలర్లు తిన్నగా పడడం మొదలైంది.

ఒక ఆదివారం మామ్మ తువ్వాలు వెయ్యడం ఆమె దగ్గర్నుంచి చూసింది. ఆదివారం యూనిట్ లేదు, చూసేవాళ్లు లేరు, అయినా చెయ్యి ఊరుకోక వేస్తోంది ఆవిడ. వేసే ముందు కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకుంది. పెదాలు ఏదో గొణుక్కున్నాయి.

"తువ్వాలు ఆరెయ్యడానికి కూడా దేవుడి పర్మిషనా మామ్మా?"

"నీకేమమ్మా, నా తువ్వాలు చూసుకుని నిమ్మళంగా కుట్టుకుంటావు. ఈ పిచ్చుకని పెట్టుకుని ఇక్కడ కూర్చున్నదాన్ని, నేనెవరి తువ్వాలు చూడాలి చెప్పు?"

ఆమె నవ్వేసింది. దేవుడికీ ఆమెకీ మాటలు లేవు. పదమూడేళ్లప్పుడు అమ్మ మంచాన పడితే, ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి ఇల్లు చూసుకుంటూ, నెలరోజులు మోకాళ్ల మీద నిలబడి అడిగింది. అమ్మ పోయింది. గొడవపడ్డ చుట్టాన్ని దారిలో చూసి మొహం తిప్పుకున్నట్టు, ఆ తర్వాత ఆయన వైపు చూడలేదు.

ఆ మంగళవారం పదకొండింటికి తువ్వాలు ఉంది. ఒంటిగంటకి ఫోనులో పిచ్చుక అరుపు కూడా వినబడింది. మూడయింది. ఆమె తల ఎత్తింది.

కమ్మీ ఖాళీగా ఉంది.

మేస్త్రి బల్ల మీది గడియారం చూసింది. మూడూ రెండు. ముసలావిడ, కాస్త ఆలస్యం కాదా ఏం? ఒక కాలరు అతికించింది. మూడూ అయిదు. ఖాళీ.

"వదినా, తువ్వాలు లేదు."

పక్క మిషను వదిన తల తిప్పకుండానే, "కునుకు పట్టుంటుందిలే. నాకూ పట్టేదే, ఈ మేస్త్రి మొహం ఎదురుగా లేకపోతే," అంది.

"ఎనిమిది నెలల్లో ఎప్పుడూ తప్పలేదు."

అప్పుడు వదిన కిటికీ వైపు చూసింది, తర్వాత ఆమె చేతుల వైపు చూసింది. ఆ చేతుల్లో కాలరు మళ్లీ తిరగబడి ఉంది. "పో," అంది మెల్లగా. "నీ కాలర్లు నేను కుడతా, పో."

మేస్త్రి అడ్డం వచ్చాడు. "ఎక్కడికమ్మా? సాయంత్రం లోడు పోవాలి. కాలర్లు ఎవరు అతికిస్తారు, నేనా?"

"పాపకి ఏదో అయింది సార్."

"ఎవరు చెప్పారు? ఫోను లేదు, మనిషి రాలేదు!"

తువ్వాలు చెప్పిందని ఎలా చెప్పడం? ఆమె గేటు చీటీ అతని చేతిలో పెట్టింది. ఆ మొహంలో ఏం చూశాడో, మేస్త్రి గొణుక్కుంటూనే దాని మీద సంతకం గీకేశాడు.

మెట్లు రెండేసి చొప్పున దిగి, గేటు దగ్గర ఫోను అందుకుని మామ్మకి చేసింది, ఎవరూ ఎత్తలేదు. నీలం పెదాలు. తేలేసిన కళ్లు. ఈసారి రెండు నిమిషాలు కాదు, పది దాటిపోయాయి. రోడ్డు మీదికి వచ్చేసరికి ఆమెకి తెలియకుండానే ఆమె మాట్లాడుతోంది, పదేళ్లుగా పలకరించని ఆయనతో. "నా బిడ్డని వదిలెయ్యి. ఎవరినైనా తీసుకో. నన్ను తీసుకో. ఎవరినైనా సరే తీసుకో, దాన్ని మాత్రం వదిలెయ్యి." ఏదో బండి బ్రేకు వేసి తిట్టింది. వినబడలేదు.

రెండో అంతస్తు. మామ్మ ఇంటి తాళంచెవి ఒకటి ఆమె దగ్గర ఉంటుంది. తలుపుకి చెవి ఆనించింది. లోపల చప్పుడు లేదు. పిచ్చుక ఉన్న ఇంట్లో చప్పుడు లేకపోవడం! తాళంచెవి కన్నంలోకి దూరడానికి మూడుసార్లు పట్టింది.

పాప నేల మీద కూర్చుని ఉంది. కూర్చుని, వేలు నోటికి అడ్డంగా పెట్టుకుని, "ఉష్," అంది. "మామ్మ జో."

పాప పక్కన మామ్మ వెల్లకిలా పడి ఉంది. మొహం మీద పసుపు తువ్వాలు కప్పి ఉంది.

పాపే కప్పింది. తనని నిద్రపుచ్చేటప్పుడు మామ్మ కప్పుతుంది కదా, అలాగే. కానీ ఆమెకి ఆ క్షణంలో అదేమీ తట్టలేదు. ఒకటే వినిపించింది, ఇందాక రోడ్డు మీద తన నోటితో తను అన్నమాట. ఎవరినైనా సరే తీసుకో.

ఆయన విన్నాడు.

పాప ఊపిరి కోసం ఇన్నాళ్లూ చాచిన వేలుని తువ్వాలు దగ్గరికి చాచడానికి చెయ్యి లేవలేదు. చివరికి కళ్లు మూసుకుని తువ్వాలు లాగేసింది. మామ్మ నోరు ఒక పక్కకి లాగేసి ఉంది. ఒక కన్ను సగం మూసుకుంది, రెండోది ఆమెనే చూస్తోంది. వేలు పెట్టింది. వెచ్చగా తగిలింది.

ఆ తర్వాత ఆమె వేసిన కేకకి కింద సెలూను బాబాయి చేతిలో దువ్వెనతోనే పైకి వచ్చాడు. ఆయన వెనకే సగం గడ్డం గీయించుకున్న మనిషి ఒకడు నురగతో వచ్చాడు. ఇద్దరూ కలిసి దుప్పటిలో మామ్మని దించారు. అంబులెన్సు వచ్చింది.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది ఆమె. పాప బాగుంది, బిస్కెట్టు నములుతోంది. భయం పోవాలి కదా? పోలేదు, రెండింతలైంది. దేవుడు ఉన్నాడంటే, మామ్మని ఇచ్చేసింది తనే. లేడంటే, ఇప్పుడు మామ్మ కోసం ఎవర్ని అడగాలి? లోపలున్న డాక్టర్లు తలుపు తియ్యరు. మొగుడి ఫోను అందదు. నర్సుని అడిగితే "కూర్చోమ్మా" అంటుంది. గోడ వైపు చూసింది. గోడ గోడలాగే ఉంది. మనిషికి మరీ ఇంత భయం వేస్తే అది ఎక్కడో ఒకచోట దించాలి, లేకపోతే చేతుల్లో ఉన్న బిడ్డ జారిపోతుంది. అమ్మ పోయాక తను ఎందుకు ఎప్పుడూ అలసిపోయి ఉంటుందో ఆమెకి అప్పుడు కొంచెం తెలిసింది. అన్నీ తనే మోస్తోంది.

పాప తల మీద గడ్డం ఆనించి మెల్లగా అంది, "ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. దీని బదులు అదని అడగను. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఊరికే అడుగుతున్నాను. ఆవిడని ఉంచు."

జవాబు రాలేదు. అమ్మప్పుడూ రాలేదు. కానీ అడగడం ఆపలేదు ఈసారి. అడుగుతున్నంతసేపూ ఆ బల్ల మీద తను ఒక్కతే కూర్చున్నట్టు లేదు.

మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. వెంటనే తీసుకొచ్చారు కాబట్టి ప్రాణం నిలిచింది, సాయంత్రం దాకా చూడకపోయుంటే మాట వేరేగా ఉండేదన్నారు. కుడిచెయ్యి మాత్రం రాలేదు. నాలుగో రోజుకి మాటలు ముద్దముద్దగా వచ్చాయి.

ఆమె మంచం పక్కన నిలబడి, తలొంచుకుని, అంతా చెప్పేసింది. రోడ్డు మీద ఏమందో కూడా. "నేనే మామ్మా. నేనే మిమ్మల్ని ఇచ్చేశాను."

మామ్మ ఒక పక్క నోటితో నవ్వింది. "పిచ్చి... మొద్దు. ఎందుకు పరిగెత్తావు?"

"తువ్వాలు లేదని."

"తువ్వాలు ఎందుకు లేదు?"

"మీరు పడిపోయారు కాబట్టి."

"మరి... నువ్వు అడక్కముందే పడ్డాను కదే. రెండున్నరకే పడ్డా, పాలగ్లాసుతో. ఆయనేమన్నా... కొట్టు పెట్టుకుని కూర్చున్నాడా, ఇది తీసుకుని అది ఇవ్వడానికి? ఎనిమిదో క్లాసు దాకా... ఏం చదివావో గానీ."

ఆమె ఏడుస్తూ నవ్వింది. లెక్క నిజమే, ఎవరికైనా తట్టాల్సిన లెక్క. భయంలో ఉన్నదానికి తట్టలేదు.

"పడ్డాక ఏం చేశారు మామ్మా? నోరు రాక, చెయ్యి రాక, ముప్పావుగంట సేపు..."

"ఏం చేస్తాను? తువ్వాలు... ఇది నా మొహం మీద వేసిందిగా. దాని కిందే ఆయనతో మాట్లాడుతూ పడుకున్నా. నువ్వు వచ్చేదాకా పిల్లని కిటికీ ఎక్కనివ్వకు అని." కాసేపు ఊపిరి తీసుకుని, "భయం వెయ్యలేదనుకున్నావా? చచ్చేంత వేసింది," అంది.

"నాకిప్పటికీ వేస్తోంది."

"వేస్తుంది. నాకు మాత్రం పోయిందా, ఇన్నేళ్లు దణ్ణాలు పెట్టి? ఒక్కదానివే కూర్చుని భయపడవు. అంతే."

మామ్మ ఇప్పుడు ఇంటికి వచ్చేసింది. పిచ్చుకని ఎత్తుకునే ఓపిక లేదు. పిల్ల యూనిట్ కింద కొత్తగా తెరిచిన పిల్లల గదిలో, ఆయా దగ్గర ఉంటోంది. అయినా తువ్వాలు ఆగలేదు. ఇప్పుడది పిల్ల బాగుందని కాదు, మామ్మ బాగుందని. ఎడమచేత్తో వేస్తుంది కాబట్టి వంకరగా పడుతుంది. వేసే ముందు కళ్లు మాత్రం మూసుకుంటుంది. ఆ వేళకి రోడ్డుకి ఇవతల ఆమె కూడా మిషను ఆపి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఆ తర్వాతే తల ఎత్తేది.

కిందటి వారం కొత్త ఆర్డరు వచ్చి లైన్లు మార్చారు. వదినతో సహా ఆమెని గుండీలు కుట్టే లోపలి గదిలోకి పంపారు. అక్కడ కిటికీ లేదు. పదకొండింటికీ మూడింటికీ ఆమె చెయ్యి ఇప్పటికీ ఆగుతుంది, తల లేస్తుంది, ఎదురుగా సున్నం గోడ. చూడకుండానే నమ్మడం నేర్చుకుంటోంది. కొత్త కదా, కష్టంగానే ఉంది.

అందుకని మీకొక మాట. మీ దారిలో చొక్కాలు కుట్టే యూనిటూ, దాని ఎదురుగా కింద సెలూనున్న పాత భవనమూ ఉంటే, మూడింటి వేళ ఒక్కసారి తలెత్తి రెండో అంతస్తు బాల్కనీ చూడండి. కమ్మీ మీద పసుపు తువ్వాలు వంకరగా ఉంటే మీ పని మీద మీరు వెళ్లిపోండి. లేకపోతే మాత్రం, కునుకు పట్టుంటుందిలే అనుకోకండి. మెట్లెక్కి, కుడివైపు తలుపు కొట్టండి. ఆవిడ లేచి రావడానికి కాస్త సేపు పడుతుంది, వెళ్లిపోకుండా ఆగండి.