పిన్ని ఎక్స్‌రేలో చుక్క

ఫొటో స్టూడియోలో ముఖాల మీది మొటిమలూ మచ్చలూ చెరిపి నున్నగా చేయడం ఆమె పని. తల్లి పోయాక ఆమెను పెంచింది పిన్నే. ఆ పిన్నికి ఎంతకీ తగ్గని దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రే తీస్తే ఎడమ ఊపిరితిత్తిలో తెల్లటి చుక్క కనబడింది.

"పాత ఎక్స్‌రే ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ. "అప్పుడూ ఇంతే ఉంటే భయం లేదు. కొత్తగా వచ్చిందైతే సూదితో ముక్క తీసి పరీక్ష చెయ్యాలి."

మూడేళ్ల కిందట తీయించిన ఫిల్ము తడిసి పాడైతే పారేశారు. అంతకుముందే ఆమె దాన్ని స్కాన్ చేసి, స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో పొరలు పొరలుగా దాచింది. కానీ ఆసుపత్రి కంప్యూటరుకి ఆ ఫైలు మింగుడుపడలేదు. స్కానుల కోసం ఉండే డైకామ్ ఫార్మాట్‌లోకి మార్చి తెమ్మన్నారు.

మార్చే ప్రోగ్రాం పిన్ని పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగింది. మొదటిసారి బొమ్మంతా నల్లగా వచ్చింది. రెండోసారి తారుమారై ఎముకలు నల్లగా, గాలి తెల్లగా వచ్చాయి. బుర్ర గిర్రున తిరిగింది. ఎలాగో మూడోసారికి కుదిరింది.

డాక్టరమ్మ చూసి పెదవి విరిచింది. "ఇందులో చుక్క లేదమ్మా. అంటే కొత్తదే."

పిన్ని తను పెంచిన అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అమ్మాయికి ఏదో గుర్తొస్తున్నట్టే ఉంది, ఏమిటో అందడం లేదు. లాప్‌టాప్ తెరిచి, తన దిద్దుబాట్లున్న పై పొరని కనబడకుండా చేసింది. చుక్క ప్రత్యక్షమైంది!

"ఇందాక లేదు కదా?" డాక్టరమ్మ అయోమయంగా చూసింది.

"నేనే చెరిపానండీ. ఫిల్ము మీద దుమ్మనుకున్నా."

"మరి దుమ్మేనా?"

"ఏమోనండీ... అప్పుడు దుమ్మనే అనుకున్నా. ఇప్పుడు ఏం చెప్పాలో తెలీడం లేదు."

అసలు బొమ్మ ఉన్న అడుగు పొరని మాత్రమే మళ్లీ మార్చి ఇచ్చింది. డాక్టరమ్మ రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి, పక్కటెముకలు లెక్కపెట్టి, చుక్కని వాటితో పోల్చి కొలిచింది. అదే చోటు, అంతే చుక్క.

"దుమ్మయితే సరిగ్గా ఇక్కడే వచ్చి కూర్చోదు. ఎప్పుడో మానిపోయిన మచ్చ. సూదీ గీదీ వద్దు. దగ్గుకి మందు రాస్తాను, ఆర్నెల్లకి ఇంకో ఎక్స్‌రే తీద్దాం."

బయటికొచ్చాక ఆమె మెట్ల మీద కూలబడింది.

"నా లోపలి మచ్చ కూడా చెరిపేశావటే?" అంది పిన్ని, దగ్గుతూనే నవ్వుతూ. "పోనీలే, చెరిపీ చెరపకుండా చెరిపావు."

అది మెప్పో దెప్పో ఆమెకి అర్థం కాలేదు. అడుగుదామనుకునేలోగా పిన్ని మందుల షాపు వైపు సగం దూరం వెళ్లిపోయింది.