కుదురులేని అక్షరాలు

నా భార్య చెక్కిన అక్షరాలకు కుదురు లేదు. తలకట్టు పెట్టమంటే పిట్ట వాలినట్టు పెట్టేది. కొమ్ములు ఉయ్యాల తాళ్ళలా వేలాడేవి. సున్నా ఎప్పుడు చూసినా దొర్లిపోబోతున్నట్టే ఉండేది. అచ్చుకోసం చెక్కదిమ్మల మీద అక్షరాన్ని తిరగేసి చెక్కడం నేనే నేర్పాను. ఆ వంకర్లు నేను నేర్పినవి కావు.

సర్కస్‌వాళ్ళు, బుడగలవాళ్ళు, పిల్లల చెప్పుల కొట్టువాళ్ళు మా ప్రెస్సుకు వచ్చి ఆ అక్షరాలే కావాలనేవాళ్ళు. పోస్టరు గోడకంటిస్తే వీధి చివరి నుంచే పిలిచేది. నాలుగు మాటలకు మించి కూరిస్తే మాత్రం కళ్ళు తిరిగేవి.

ఒకరోజు నలుగురిలో అన్నాను, "ఇవి బుడగలమ్ముకోడానికే. మనిషి పోతే వీటితో కబురు వేయగలమా?"

అప్పుడామె 'ళ' చెక్కుతోంది. ఉలి కింద పెట్టింది. మళ్ళీ పట్టలేదు. తొమ్మిదేళ్ళు ఆ దిమ్మ సగంలోనే ఉండిపోయింది.

ఆమె పోయి ఏడాది కావస్తుండగా కూతురు వచ్చింది.

"నాన్నా, అమ్మ జ్ఞాపకానికి ఒక కార్డు వేద్దాం. పేరు మాత్రం అమ్మ అక్షరాల్లోనే."

"అవి నవ్వుతాయే. పోయిన మనిషి కార్డు మీద నవ్వులేమిటి?"

"నువ్వెలాగూ నవ్వవు. అవైనా నవ్వనీ."

"మీ అమ్మ పేరులో ళ ఉంది. అది సగమే ఉంది."

"సగంలో ఎందుకాగిందో నాకు తెలీదా ఏంటి?"

తల్లి నోరు కాదు దానిది. నాదే వచ్చింది.

అది వెళ్ళాక ప్రెస్సులో ఒక్కణ్ణే కూర్చున్నాను. కిటికీ ఎండలో చెక్కపొడి తేలుతోంది. కునుకు పట్టింది. అక్షరాలు అరలోంచి చప్పుడు లేకుండా దిగాయి. సున్నా దొర్లుకుంటూ వచ్చి నా మోకాలి దగ్గర ఆగింది. తక్కినవి వరుసకట్టి, మధ్యలో ఒక చోటు వదిలి నిలబడ్డాయి. ఆ చోట ఆమె కూర్చుని ఉంది, ఒళ్ళో చెక్కపొట్టుతో. నావైపు చూడలేదు. క్షమించమని నేను అడగలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనైతే క్షమించను.

కళ్ళు తెరిచేసరికి ఎండ గోడెక్కింది. సగం దిమ్మ తీసి ఉలి పట్టాను. ఆమె మొదలెట్టిన వంపు పొగలా లేస్తోంది. అక్కణ్ణుంచి నా చేయి తిన్నగా పోయింది. వంచుదామంటే వంగదు. అలాగే పూర్తిచేశాను.

మొదటి కార్డు చూసి కూతురు కళ్ళు తుడుచుకుంది. అంతలోనే పకపకా నవ్వింది.

"అన్నీ ఆడుతుంటే ఈ ళ ఒక్కటే కర్రలా బిగుసుకుని నిలబడింది. అచ్చం నువ్వే నాన్నా!"

"మళ్ళీ చెక్కనా?"

"ముట్టుకున్నావంటే ఊరుకోను."

ముట్టుకోలేదు. కార్డులు తాడుకు ఆరేశాను. ఆమె పేరు మెల్లగా ఊగింది. ళ కూడా ఊగింది.

గాలికే అయి ఉంటుంది.