ఇచ్చేసిన కోటు

వికాస్ కెనడాలోని బ్రాంప్టన్‌లో సొంతంగా పని మొదలుపెట్టేనాటికి చేతిలో ఉన్నది పదకొండు వందల ఎనభై డాలర్లు. అందులో నాలుగు వందలు కోటుకే పోయాయి. మిగతావాటితో రెండు పారలు, ఉప్పు బస్తాలు, ఇంటింటికీ పంచే కాగితాలు కొన్నాడు. ఇళ్ళ ముందు మంచు తీసే పని. పన్నెండు ఇళ్ళు దొరికితే రెండో నెలకే లాభంలో పడతానని బస్సులో కూర్చునే లెక్క తేల్చాడు. క్రిస్మస్ నాటికి పద్నాలుగు దొరికాయి. ఎర్ర కోటు వేసుకుని, పార భుజాన పెట్టుకుని వీధిలో వస్తుంటే పిల్లలు కిటికీల్లోంచి చేతులూపేవాళ్ళు.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఎంత మంచు పడినా పనికి వెళ్ళేవాడు కాదు. తెలుగు సంఘానికి చర్చి భవనం అద్దెకు దొరికేది ఆ పూటే. కోటు విప్పి తగిలించి, బూట్లు వరసలో పెట్టి, తెల్లచొక్కా తెల్లప్యాంటుతో లోపలికి వెళ్ళేవాడు. ఈ సంఘంలో తెల్లబట్టలే కట్టాలి. చలి మైనస్ ఇరవైకి దిగినా ఆడవాళ్ళు తెల్లచీరల్లోనే వస్తారు, నెత్తిన కొంగుతో. సంఘపెద్ద కృపావరం గారు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పైనుంచి కిందిదాకా చూసి "వందనాలు" అంటారు. బట్టలు నచ్చకపోతే అనరు.

ఆయన వెనక, కోట్లు తగిలించే గదిలో, గోడకు పెద్ద అద్దం ఉంది. తల నుంచి మోకాళ్ళ దాకా కనబడుతుంది. అందులో ఎవరికి వాళ్ళు తమ ఆఖరి రోజున వేసుకునే బట్టల్లో కనబడతారు.

"మళ్ళీ ఆకుపచ్చ నైటీయే," అనేది సువార్త ఆంటీ, కొంగుకు పిన్ను పెట్టుకుంటూ. "పదేళ్ళుగా ఇదే. చచ్చేనాటికైనా కాస్త మంచిది కొనుక్కోనేమో, నా పిసినారితనం చూడు."

"నీకేం వదినా, మంచం మీద హాయిగా పోతావు," అనేది పక్కావిడ. "మా ఆయన ఆసుపత్రి గౌనులో కనబడుతున్నాడని మోకాలి ఆపరేషనే మానేశాడు. మెట్లెక్కలేక చస్తున్నాడు."

నవ్వుకుని, కొంగులు సర్దుకుని, లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ బట్టల్ని చింపేస్తే లాభం లేదు. అద్దం వాటినే కుట్లతో చూపిస్తుంది. కాల్చినా అంతే, మసితో చూపిస్తుంది. ఇంకొకరు వాటిని తీసుకుని తమవిగా తొడుక్కుంటేనే అద్దంలో బొమ్మ మారుతుంది. అందుకే ఆ గదిలో ఒక రాక్ పెట్టారు. కొత్తగా వచ్చిన స్టూడెంట్లకు ఉచితంగా బట్టలు. ఊరు మొత్తంలో ఇంత మంచి బట్టలు ఏ చర్చిలోనూ ఇవ్వరని పేరుంది. కృపావరం గారి నీలం సూటు కూడా ఒకప్పుడు ఆ రాక్ మీదే వేలాడింది. దాన్ని ఎవరు పట్టుకెళ్ళారని ఎవరూ అడగలేదు.

వికాస్‌కు మొదటి రోజు నుంచీ అద్దంలో ఒక గోధుమరంగు స్వెట్టరు కనబడేది. మోచేతుల దగ్గర అరిగిపోయి, పైబొత్తం ఊడిపోయి ఉండేది. తన దగ్గర అలాంటి స్వెట్టరే లేదు. అది కొని, అంతగా అరగాలంటే చాలా ఏళ్ళు పడుతుంది. కాబట్టి అద్దం వైపు ఎప్పుడూ ధైర్యంగానే చూసేవాడు.

జనవరిలో ఒక ఆదివారం అద్దంలో స్వెట్టరు లేదు. ఎర్ర కోటు ఉంది.

వికాస్ బుర్రలో లెక్క దానంతటదే నడిచింది. కోటు మీద ఒక్క మరకా లేదు. జిప్పుకు షాపువాళ్ళ దారం ఇంకా వేలాడుతోంది. అంటే ఈ చలికాలం దాటదు. కోటు కింద తెల్లప్యాంటు కనబడుతోంది. అది ఆదివారాలే వేస్తాడు. చలికాలంలో మిగిలిన ఆదివారాలు పదో, పన్నెండో.

ఆ వారమంతా రెండు స్వెట్టర్లు వేసుకుని మంచు తీశాడు. పళ్ళు టకటకలాడుతుంటే పార చేతిలో నిలిచేది కాదు. చూరుకు వేలాడే మంచుకడ్డీల కింద నిలబడ్డం మానేశాడు. వెనక ట్రక్కు చప్పుడైతే చాలు, పక్కింటి వాకిట్లోకి దూకేవాడు. బేస్‌మెంట్ గదిలో కోటు తలుపు వెనక వేలాడుతుంటే దాని వైపు వీపు పెట్టి అన్నం తినలేకపోయేవాడు. ఎదురుగా కూర్చుని దాన్నే చూస్తూ తినేవాడు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. కోటును ప్లాస్టిక్ సంచిలో పెట్టి తెచ్చి, రాక్ మీద తగిలించాడు.

"ఇచ్చే చేతిని దేవుడు దీవిస్తాడు బాబూ," అన్నారు కృపావరం గారు. వికాస్ మొహంలోకి మాత్రం చూడలేదు.

ఆరాధన మొదలవబోతుండగా ఒక అమ్మాయి పరుగున వచ్చింది. చరిత. ఖమ్మం నుంచి వచ్చి నెల కాలేదు, ఈ అద్దం సంగతి ఇంకా తెలియదు. గిడ్డంగిలో పని ముగించుకుని రెండు బస్సులు మారి వచ్చింది. పల్చటి హుడీ, తొడల దగ్గర చిరుగులున్న జీన్స్. బయట వాన మొదలైనట్టుంది, జుట్టంతా తడిసింది.

కృపావరం గారు వందనాలు అనలేదు. "ఏమ్మా, దేవుని సన్నిధికి ఇలాగేనా రావడం?"

"డ్యూటీ నుంచి డైరెక్ట్ వచ్చిన అంకుల్. ఇంటికి పోయి మార్చుకుంటే ప్రార్థన అయిపోతది."

"ఆ చిరుగులతో లోపల ఎట్లా కూర్చుంటావు? అదుగో, ఆ రాక్ మీద మంచివి ఉన్నాయి. ఏదో ఒకటి పద్ధతిగా వేసుకుని రా."

చరిత చెయ్యి నేరుగా ఎర్ర కోటు మీదికే వెళ్ళింది. "గింత మంచిది ఊకెనే ఇస్తరా!" అని తొడుక్కుని, జిప్పు మెడ దాకా లాగింది. వికాస్‌కు మోకాళ్ళ పైకే ఉండే కోటు ఆమెకు మోకాళ్ళు దాటింది. చిరుగులు కనబడలేదు.

వికాస్ అద్దంలోకి తొంగిచూశాడు. గోధుమరంగు స్వెట్టరు. మోచేతుల దగ్గర అరిగిపోయి, పైబొత్తం ఊడిపోయి. కళ్ళు మూసుకుని స్తోత్రం అనుకున్నాడు.

చరిత వచ్చి అతని పక్కన నిలబడి జుట్టు సర్దుకుంది. అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది.

"ఈ అద్దం మంచిగుంది ఆంటీ," అంది. "మనిషిని ఉన్నది ఉన్నట్టే చూపిస్తది. మా రూములోదైతే లావుగా చూపిస్తది."

సువార్త ఆంటీ పిన్ను పట్టుకున్న చెయ్యి కొంగు మీదే ఆగిపోయింది. పక్కావిడ నేల వైపు చూసింది. అద్దంలో చరిత ఎర్ర కోటుతోనే ఉంది. మెడ వెనక తడిసిన హుడీ టోపీ, జిప్పుకు వేలాడే దారం, అన్నీ ఉన్నాయి. ఈ అద్దం ఉన్నది ఉన్నట్టు చూపించడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆ పిల్ల ఆఖరి రోజు ఇదేనని మాత్రం అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

లోపల పాట ఎత్తుకున్నారు. కృపావరం గారు గొంతు సవరించుకుని, "పదండి, పదండి, ఆలస్యమవుతోంది," అన్నారు.

వికాస్ కాళ్ళు కదల్లేదు. స్వెట్టరు తనది. మోచేతులు అరిగే దాకా బతుకు తనది. నోరు తెరవకపోతే చాలు.

"చరితా," అన్నాడు. "ఆ కోటు నాది. ఇచ్చెయ్."

"ఏందన్నా?"

"నాకు కావాలి. తిరిగి ఇచ్చెయ్."

ఆ పిల్ల మొహం కోటులాగే ఎర్రబడింది. "ఇచ్చి గుంజుకునుడేంది అన్నా? నలుగురి ముందట? నేనేమన్న అడుక్కున్ననా?"

"వికాస్!" కృపావరం గారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "దేవుని పేర ఇచ్చింది వెనక్కి అడుగుతారా ఎక్కడైనా?"

"మీ నీలం సూటు ఎవరికిచ్చారు అంకుల్?"

ఆయన గది తలుపు వైపు ఒకసారి చూశారు. "హాలిఫాక్స్‌లో చదువుకునే కుర్రాడు," అన్నారు. "సెలవులకు వచ్చి తీసుకెళ్ళాడు. ఉద్యోగం ఇంటర్వ్యూకి అని... వెళ్ళాక రెండుసార్లు ఫోన్ చేశాడు. తర్వాత చెయ్యలేదు."

"మీరు చేశారా?"

ఆయన చూపు రాక్ వైపు తిరిగింది.

చరితకు ఏమీ అర్థం కాలేదు. కోపంగా జిప్పు లాగి, కోటు విప్పి వికాస్ చేతుల్లో పడేసింది. "ఉంచుకో నీ కోటు. సచ్చినా ఇంకోసారి ఈడికి రాను."

వికాస్ కోటు తొడుక్కున్నాడు. ఆమె ఒంటి వెచ్చదనం ఇంకా లోపలే ఉంది. సువార్త ఆంటీ ఒక్క అంగలో వచ్చి తన తెల్లశాలువా తీసి ఆ పిల్ల భుజాల మీద కప్పింది. "అలగకు తల్లీ. ఒక్కసారి, నా కోసం, మళ్ళీ అద్దంలో చూడు."

చరిత మూతి ముడుచుకునే చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. అద్దంలో ముతక నేతచీర, దాని మీద మసకబారిన ఊలు స్వెట్టరు, మెడలోంచి తాడుతో వేలాడే కళ్ళజోడు.

"అయ్యో, ఇదేంది! మా నాయనమ్మ లెక్క అయిన!"

సువార్త ఆంటీ ఆ పిల్ల తలను గుండెకు అదుముకుంది. "అవును తల్లీ, నాయనమ్మవే. పద, చిరుగులేం కాదు, నా పక్కన కూర్చుందువు."

ఈసారి కృపావరం గారు అడ్డురాలేదు. రాక్ దగ్గరికి వెళ్ళి, హ్యాంగర్ నుంచి ఒక బూడిదరంగు జాకెట్ తీసి, తెల్లచొక్కా మీద తొడుక్కున్నారు. సూటు పోయాక తాను తగిలించినది అదేనని ఎవరితోనూ అనలేదు. ఆయన బొత్తాలు పెట్టుకుంటుంటే పక్కావిడ భర్త కుంటుకుంటూ వచ్చి, ఆపరేషన్ మానేశాక తానక్కడ తగిలించిన చొక్కా తీసుకున్నాడు.

వికాస్ అద్దం ముందు ఒక్కడే నిలబడ్డాడు. ఎర్ర కోటు. తెల్లప్యాంటు. ఉన్నది ఉన్నట్టే.

తలుపు గాజులోంచి బయటికి చూశాడు. వాన పడిన చోటల్లా గడ్డకట్టేస్తోంది. మెట్లు, కమ్మీలు, కార్లు, అన్నిటి మీదా సన్నటి గాజుపొర. ఆరాధన అయ్యాక అరవై మంది దిగాలి. సగం మంది ముసలివాళ్ళు, ఆడవాళ్ళంతా చీరల్లో. చరితకు సాయంత్రం మళ్ళీ బస్సుంది.

అతను బూట్లు వేసుకుని లేసులు బిగించాడు. తలుపు పక్కనున్న ఉప్పు బకెట్ ఎత్తాడు.

"ఎక్కడికి బాబూ?" కృపావరం గారు దాదాపు అరిచారు. "ఈ ఒక్క పూటా లోపల కూర్చో. నా మాట విను. బయటికి పోకు."

"మీరంతా ఈ మెట్లే దిగాలి కదా అంకుల్."

మెట్లు ఏడున్నాయి. మెట్టుకు మూడు గుప్పెళ్ళయితే బకెట్ సరిపోతుంది. తలుపు తోసి, నిలబడ్డచోటి నుంచే మొదటి మెట్టు మీద ఉప్పు చల్లాడు. అది చిటపటలాడుతూ మంచులోకి దిగేదాకా ఆగాడు. కమ్మీని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, కుడికాలు ఎత్తాడు.