తెలిసిపోతుంది కదా

సున్నా మాస్టారు ఆమెకు చేసింది అన్యాయమే. ఫిజిక్సు మాస్టర్లు పిల్లలకు లెక్కలు చేయడం ఎలా నేర్పాలనుకుంటున్నారో, ఎందుకలా నమ్ముతున్నారో, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగి ఆమె పరిశోధన చేసుకొస్తే, విభాగానికి హెడ్డయిన ఆ పెద్దమనిషి అందరి ముందూ ఒక్క మాటలో తీసిపారేశాడు.

“ఫిజిక్సు చెయ్యలేనివాళ్లు ఫిజిక్సు మాస్టర్లను చదువుతారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!”

స్టాఫ్ రూమంతా ఘొల్లుమంది. నోరు విప్పితే ‘ఎందుకు’ అనే అడుగుతుందని ఆమెకు ‘ఎందుకమ్మ’ అని పేరు పెట్టారు. ఈసారి మాత్రం ఆ మాట మింగేసింది. సాయంత్రంలోగా ఆయన సంతకం పడకపోతే ఆమె పరిశోధన అటకెక్కినట్టే.

“మాస్టారూ, అడగాల్సినవాళ్లలో మీరొక్కరే మిగిలారు. మీరూ జవాబు చెప్పండి. ఆపైన మీ ఇష్టం.”

“అడుగు తల్లీ, ఆ ముచ్చటా తీరిపోనీ.”

“లెక్క చేయడం పిల్లలకు ఎలా వస్తుందంటారు?”

“మనం బోర్డు మీద శుభ్రంగా చేసి చూపిస్తే వస్తుంది. కాగితం నిండా కొట్టివేతలున్నాయంటే బుర్రలో బురదున్నట్టే. నేనైతే కొట్టివేతకో మార్కు కోసేస్తాను.”

ఆ కోతలతోనే ఆయన సున్నా మాస్టారయ్యాడు.

ఎందుకమ్మ ఒక దారపు రీలు తీసి బల్ల మీద దొర్లేలా పడుకోబెట్టింది. దారం కొస రీలు అడుగువైపు నుంచి బయటికి వచ్చి ఉంది. “ఈ దారాన్ని బల్లకు సమాంతరంగా, మెల్లగా నావైపు లాగితే రీలు జారకుండా ఎటు దొర్లుతుంది? నావైపా, అవతలికా?”

“ఇదీ ఒక లెక్కేనా!” అంటూ ఆయన సుద్దముక్క అందుకున్నాడు. స్టాఫ్ రూము బోర్డు మీద బొమ్మ గీసి, అవతలికే పోతుందన్నాడు. బాణాలు పెట్టాక కనుబొమలు ముడిపడ్డాయి. కొట్టేశాడు. “ఫ్రిక్షన్ మరిచిపోయాను” అని గొణిగి ఇంకో బొమ్మ గీశాడు. అదీ కొట్టేశాడు. మీసానికి సుద్దపొడి అంటుకుంది. చివరికి రీలు బల్లను తాకే చోటు చుట్టూ తిప్పే బలం, అదే టార్క్, లెక్కగట్టి, “నీవైపే!” అని కేకేశాడు.

ఆమె దారం లాగింది. పిలిచిన పిల్లికూనలా రీలు ఆమెవైపే దొర్లుకుంటూ వచ్చింది.

“శభాష్ మాస్టారూ! ఇప్పుడు దీన్నే క్లాసులో చెప్పినట్టు చెప్పండి.”

ఆయన డస్టర్ తీసి బోర్డంతా అద్దంలా తుడిచేశాడు. “బల్లను తాకే చోటు తీసుకుందాం” అని మొదలుపెట్టాడు.

“ఆ చోటే తీసుకోవాలని పిల్లలకెలా తెలుస్తుందండీ?”

“తెలిసిపోతుంది కదా!”

“మీకు మూడోసారికి గానీ తెలియలేదు కదండీ!” అంది పక్కనే కూర్చున్న ల్యాబు మేడం.

ఈసారి నవ్వు గాలి ఎటు తిరిగిందో మాస్టారికి అర్థమైంది.

“నేనడిగిన ప్రతి ఒక్కరూ సరిగ్గా ఇక్కడే తుడిచారు మాస్టారూ,” అంది ఎందుకమ్మ. “వెతుక్కున్న దారంతా చెరిపేసి, చేరిన చోటు ఒక్కటే చూపించారు. పైగా ‘తెలిసిపోతుంది కదా’ అన్నారు. దాచాలని కాదు, అదే చదువు చెప్పడమని మనసారా నమ్ముతున్నారు. నా పరిశోధనంతా మీ చేతిలో ఉన్న ఆ డస్టర్ గురించే.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి డస్టర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“రెండు కొట్టివేతలు. రెండు మార్కుల లెక్క. అంటే నాకు…”

“మీ పేరే వచ్చింది లెండి!” అంది మేడం.

ముందుగా పగలబడి నవ్వింది ఆయనే. నవ్వుతూనే కాగితం లాక్కుని సంతకం గీకేశాడు. “కోసినవాడి మార్కులే కోసేశావు కదే అమ్మాయ్! నువ్వు చేసిందే ఫిజిక్సు, పో!”

మర్నాడు ప్రతి క్లాసులోనూ బోర్డు మీద నిలువుగా ఒక గీత పడింది. గీతకు ఎడమవైపు తప్పటడుగులకు. గంట కొట్టేదాకా అక్కడ డస్టర్ తగలకూడదని హెడ్డుగారి ఆజ్ఞ. పిల్లలు ముందుకొచ్చి మరీ కొట్టివేతలు చేస్తున్నారు. గుమ్మంలో నిలబడి ఎందుకమ్మ చూస్తుంటే, సున్నా మాస్టారు పక్కవాడు గట్టు జరిపేస్తే పొలం పోగొట్టుకున్న రైతులా ఆ గీతవంక చూసి మూలిగాడు.

“నీ ‘ఎందుకు’ పుణ్యమా అని నా రాజ్యంలో ఎంత పోయిందో చూశావా? పన్నెండడుగుల బోర్డులో నిక్కచ్చిగా నాలుగడుగులు!”