ప్రార్థనకు ముందు

పనిభారం కొలిచే పరీక్షలో రత్నమణి అంకె అందరికంటే తక్కువ వచ్చింది. నర్సుల గదిలో ఆ మాట విని శివాని నవ్వింది.

"ఏందక్కా, నీకు ఏ బాధా లేదంట. మా అత్త కాడ నాలుగు దినాలు ఉండు, అంకె అదే లేస్తాది."

రత్నమణి కూడా నవ్వింది. తర్వాత మందుల ట్రే సర్దింది. సర్దినదాన్నే మళ్లీ సర్దింది.

కర్నూలు శివారులోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె చాలా ఏళ్లుగా పసిపిల్లల ఐసీయూలో పనిచేస్తోంది. అక్కడి బిడ్డలకు పేర్లుండవు. పడుకోబెట్టిన అద్దాల పెట్టె మీద తల్లి పేరే రాస్తారు: సుంకమ్మ బేబీ, రమణి బేబీ. బతికిన బిడ్డ ఇంటికి పోయాక ఇంకో పేరు తెచ్చుకుంటుంది. పోయిన బిడ్డ తల్లి పేరుతోనే పోతుంది. ఆ బిడ్డను గుడ్డలో చుట్టి తండ్రి చేతికిచ్చే పని పాత నర్సులకు వస్తుంది, కొత్తవాళ్లకు చేతులు వణుకుతాయి కాబట్టి. ఈ మధ్య రత్నమణికీ వణుకుతున్నాయి. అది కనిపించకుండా చేతులను గుడ్డ మడత కిందకు తోసుకుంటోంది. తనను ఓపీకి మార్చమని మేట్రన్ రామేశ్వరమ్మను రెండుసార్లు అడిగింది. నువ్వు లేకుంటే ఈ పిల్లలకు దిక్కెవరని మేట్రన్ భుజం తట్టి పంపింది.

అప్పుడు కడప నుంచి అరుణ్ కుమార్ వచ్చాడు. పరిశోధన విద్యార్థి. నర్సుల మీద పనిభారం ఎంత పడుతోందో వాళ్ల మాటతో కాక ఉమ్మితో కొలుస్తానన్నాడు. నిద్ర లేవగానే ఒంట్లో కార్టిసోల్ అనే హార్మోన్ పెరుగుతుందని, కాసేపటికి దిగిపోతుందని, భారం మోసేవాళ్లలో ఆ పెరగడం ఎక్కువగా ఉంటుందని అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. లేవగానే దూది చుట్టను నోట్లో పెట్టుకుని నమిలి గొట్టంలో వేయాలి. అరగంట తర్వాత ఇంకొకటి. ఆ రెండింటి మధ్య తేడానే అంకె. అంకె ఎక్కువ వచ్చినవాళ్లు ఒప్పుకుంటే వాళ్లను ముందుగా వార్డు మారుస్తామని యాజమాన్యం చెప్పింది. రత్నమణి ఆ మాట మీదే ఆశ పెట్టుకుంది.

ఫలితాలు వచ్చాక మేట్రన్ సంతోషపడింది. గట్టి మనిషని తాను ముందే అన్నానంది. అరుణ్ కుమార్ మాత్రం నమ్మలేదు. గుడ్డ కింది చేతులను అతను చూశాడు. క్యాంటీన్‌లో రత్నమణి ఎదురుగా కూర్చుని, నిద్ర లేస్తానే నమిలినావా అక్కా అని అడిగాడు. లేచినాకే నమిల్నానని ఆమె చెప్పింది.

"కండ్లు తెరుస్తానేనా?"

"ప్రార్థన అయినాక. మా ఇంట్లో ప్రార్థన అయితేనే లేచినట్టు."

ఎర్రగుంట్ల దగ్గరి పల్లెలో ఆమె పుట్టింట్లో అదే లెక్క. పొద్దున నోట్లోంచి మొదట వచ్చేది దేవుని పేరు. అది కాకముందు పక్క మీద కూర్చున్నవాళ్లను కూడా ఇంకా లేవలేదనే అనేవాళ్లు. 'లేవగానే' అని అరుణ్ కుమార్ చెప్పినప్పుడు ఆమెకు వేరే అర్థం తట్టలేదు.

ప్రార్థన ఎంతసేపు పడుతుందని అడిగాడు. తెల్లారేదాకా అంది.

"అంతసేపు ఏం చేస్తావక్కా?"

"పేర్లు చెప్పుకుంటా. సుంకమ్మ బేబీ, రమణి బేబీ. అట్ల."

"వార్డులో ఉండే పిల్లోళ్లా?"

"పోయినోళ్లు నాయనా."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "నేను కొలవాల్సింది ఆ సేపే గదక్కా" అన్నాడు.

మేట్రన్‌ను అడిగి రెండు రోజుల గడువు తీసుకున్నాడు. కొత్త గొట్టాలు తెచ్చి ఇచ్చాడు. ఒక్క పొద్దు ముందు ఇది కానిచ్చి తర్వాత ప్రార్థన చేసుకో, దేవుడేమీ అనుకోడులే అన్నాడు. అనుకోడని ఆమె కూడా ఒప్పుకుంది.

మరునాడు మెలకువ రాగానే రత్నమణి పెదవులు కదపలేదు. భర్త జయపాల్ లారీ మీద పోయి ఉన్నాడు, ఇంట్లో మాట్లాడించేవాళ్లు లేరు. దిండు పక్కనున్న గొట్టం తీసి, దూది నోట్లో పెట్టుకుంది. ఓపీకి పోవాలనే పెట్టుకుంది. నోరు ఎండిపోయి ఉంది. దూది నాలుకకు అంటుకుంది.

పత్తికొండ నుంచి వచ్చిన వీరేష్ గుర్తొచ్చాడు. ఆ వారమే అతని కొడుకు పోయాడు. గుడ్డ చుట్టేముందు ఆమె బిడ్డ ముక్కులో దూది పెడుతోంది. ఎప్పుడూ పెట్టేదే. అతను పక్కన నిలబడి మెల్లగా అడిగాడు.

"దూది యాల పెడతాండారు సిస్టర్? ఊపిరి ఆడదు గదా."

ఆమె అప్పుడు రెండో పక్క కూడా పెట్టేసింది. ఇప్పుడు నమలలేకపోయింది. నోట్లోంచి తీసి చూస్తే దూది పొడిగానే ఉంది. దాన్ని పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చుని మొదటి పేరు చెప్పింది.

అరుణ్ కుమార్ ఖాళీ గొట్టాలు చూశాడు. రేపు ఒక దినం ఉండాది, ఇంకోసారి చూద్దామా అని అడిగాడు.

"వద్దప్పా. నా చేత కాదు."

"మరి నేనేం రాసుకోవాల?"

"నమల్లేదని రాసుకో."

గడువు దాటాక ఓపీకి శివాని పేరు వచ్చింది. ఆమె అంకె ఎక్కువే వచ్చింది. ఆ రోజు ఆమె వేళాకోళం ఆడలేదు.

"పోవాల్సింది నువ్వక్కా. నేను కాదు."

రత్నమణి ఆ మాట పట్టించుకోనట్టే, నీ బిడ్డలను అప్పజెప్పి పో అంది. శివాని పెట్టె పెట్టె దగ్గర ఆగి, ఎవరి బరువు తగ్గుతోందో, ఎవరు పాలు తాగడం లేదో చెబుతూ నడిచింది. కిటికీ పక్క బిడ్డ దగ్గర కాస్త ఆగి, ఈ పాప నిన్నటి నుంచి కండ్లు తెరవలేదక్కా అంది.

రత్నమణి ఒంగి పెట్టె మీది తల్లి పేరు చదువుకుంది.