గంట మీద ఆరంకె

ఇలా దగ్గరికి జరగండి. ఆ కిటికీ తలుపు కాస్త చేరవెయ్యండి, సముద్రపు గాలి నా మాటల్ని ఎత్తుకుపోతుంది. వెనకాల కూర్చున్నవాళ్ళనీ ముందుకు రమ్మనండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు.

రేవు వీధిలో తాళ్ళూ, తెరచాప గుడ్డలూ అమ్మే దుకాణం ఒకటుండేది. దాని పైన రెండు గదులు. మెట్లెక్కుతుంటేనే తారు వాసన ముక్కు పట్టుకునేది. ఆ రెండు గదులే నౌకా చరిత్ర సంఘం. ఒక దాంట్లో గోడల నిండా ఓడల ఫోటోలు, తుప్పు పట్టిన దిక్సూచి, అద్దాల బీరువా. రెండో దాంట్లో కుర్చీలు, ఏ రెండూ ఒక జాతివి కావు. కుర్చీల ఎదురుగా, దూలానికి వేసిన కొక్కేనికి ఒక కంచు గంట వేలాడేది.

సంఘం అనగానే పెద్ద పటాలం అనుకునేరు. నడిపేది ముగ్గురే. అధ్యక్షుడు ఒక ముసలి కెప్టెన్. ఒక చెవి వినపడదు గనక లోకంలో అందరికీ అదే లోపం ఉందనుకుని, మంచినీళ్ళు అడిగినా తుఫానులో కేకేసినట్టే అడిగేవాడు. కార్యదర్శి ఒక రిటైరైన బడి పంతులు. ఆయన్ని అందరూ తారీఖుల బావ అనేవారు. ఏ ఓడ ఎప్పుడు కట్టారో, ఎప్పుడు మునిగిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. తప్పు తారీఖు కనబడితే ఆయనకు అన్నం సహించేది కాదు. ఒకసారి పరామర్శకు వెళ్ళి, పోయినాయన ఫోటో కింద పుట్టిన సంవత్సరం తప్పు రాశారని, ఏడుస్తున్న వాళ్ళ చేతనే దిద్దించి వచ్చాడు.

మూడో మనిషి గంటమ్మ. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరు. గంట చూసుకునేది కాబట్టి ఆ పేరే మిగిలింది. తారీఖుల బావ నిజానికి ఆమెకే బావ, అక్క మొగుడు. ఆమె నోట పుట్టిన పిలుపే ఊరందరికీ అంటుకుంది.

ఆ గంట సంగతి చెప్పాలి. అది ఒక యుద్ధనౌకది. గంటమ్మ నాన్న ఆ ఓడలో బాయిలర్ల దగ్గర బొగ్గు వేసేవాడు. తుఫానులో ఓడ మునిగింది. ఒక్క మనిషి తిరిగి రాలేదు, ఒక్క శవం ఒడ్డుకు చేరలేదు. చాలా ఏళ్ళకు సముద్రం అడుక్కి దిగే ఈతగాళ్ళు గంటనొక్కదాన్ని పైకి తెచ్చారు. ఎవరికివ్వాలన్న మాట వచ్చినప్పుడు పోయినవాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళంతా కలిసి వెళ్ళి అడిగారు. గంటమ్మ అమ్మ అందరికంటే ముందు నిలబడి, "మాకు తలుచుకోవడానికి సమాధులు లేవు. చెయ్యి వెయ్యడానికి ఏదో ఒకటి ఉండనివ్వండి," అంది. అలా గంట సంఘానికి వచ్చింది. పోతూ పోతూ ఆవిడ చిన్న కూతురి చెయ్యి పట్టుకుని అడిగింది కూడా అదే: గంటని ఎవరొచ్చినా ముట్టుకునే చోటే ఉంచమని.

అప్పట్నించి ఆ ఓడవాళ్ళ తాలూకు ఎవరొచ్చినా గంటమ్మ ఎదురెళ్ళేది. "రండి, చెయ్యి వెయ్యండి. మనవాళ్ళ ఓడలోదే," అనేది. వచ్చినవాళ్ళు అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవారు. కొందరు ఏడ్చేవారు. కొందరు గంటకి జ్వరమొచ్చిందా అన్నట్టు దాని నుదురు నిమిరేవారు. సంఘానికి నియమం కూడా ఒకటి రాసుకున్నారు: ఓడ గంట మోగితేనే సభ మొదలవ్వాలి. ఆ నియమం రాసింది బావే. మోగించేది గంటమ్మ.

గంట మీద ఓడ పేరు, దాని కింద సంవత్సరం. ఆ సంవత్సరమే తప్పు. గంట పోతపోసిన ఏడాది ఓడ తయారవుతుందనుకున్నారు, కాలేదు. మరుసటి ఏడాదికి గానీ నీళ్ళలోకి దిగలేదు. అంకె మాత్రం అలాగే ఉండిపోయింది. చివర ఏడు ఉండాల్సిన చోట ఆరు. నాన్న సెలవుకి ఇంటికొచ్చినప్పుడల్లా నవ్వేవాడట, "మా ఓడ పుట్టకముందే ఏడాది పిల్ల," అని. పుస్తకాల వాళ్ళు గంటను చూసి ఆరనే రాశారు. బావ ఏడు అని జీవితమంతా వాళ్ళతో పోట్లాడాడు. ఎవరూ పట్టించుకోలేదు.

గంటమ్మకు ఆరైనా ఏడైనా ఒకటే. ఆమెకు తెలిసిందల్లా ఆ ఆరంకె బొజ్జ. ఇత్తడి పాలిష్ పెట్టి తుడిచినప్పుడల్లా ఆ బొజ్జలో తెల్లగా కొంచెం ఇరుక్కుపోయేది. చీపురుపుల్లకి గుడ్డ చుట్టి, పిల్లాడి చెవి శుభ్రం చేసినట్టు ఓపిగ్గా తీసేది.

"చెరిపేసి ఏడు చెక్కించమని చెబుతుంటే వినవు కదా మరదలా," అనేవాడు బావ.

"నీ ముక్కు కూడా కాస్త వంకరే బావా. మా అక్క చెక్కించిందా?"

కెప్టెన్ ఆ నవ్వులకి వినపడని చెవి తిప్పి, "ఏంటి, ఏంటి?" అని రేవంతా వినపడేలా అడిగేవాడు.

అక్క పోయాక కూడా ఆ వేళాకోళం ఆగలేదు. అక్క మిగిల్చిపోయిన చుట్టరికం అది ఒక్కటే అని ఇద్దరికీ తెలుసు. ఓడ బొమ్మను చూసి ఇది ముందు, ఇది వెనక అని గుర్తుపట్టడం నేర్పింది బావే. సంఘంలో చేర్చింది బావే. ఆమె లోకంలో ఎవరినైనా కళ్ళు మూసుకుని నమ్మిందంటే ఆయన్నే.

కళ్ళు మూసుకునే రోజులు నిజంగానే వచ్చాయి. గంటమ్మకు శుక్లాలు ముదిరాయి. ముందు ఒక కన్ను, తర్వాత రెండోది ఆపరేషన్ చేయాలన్నారు. వంగకూడదు, బరువెత్తకూడదు, దుమ్ములోకి వెళ్ళకూడదు అన్నారు డాక్టర్లు. అంటే సంఘం గదుల్లోకి అడుగు పెట్టకూడదనే.

బావ ఆమెను కంటికి రెప్పలా చూసుకున్నాడు. పూటపూటకీ వచ్చి చుక్కల మందు వేసేవాడు. ఆమె తల వెనక్కి వాల్చి కూర్చుంటే, బొటనవేలితో రెప్ప ఎత్తి, చెయ్యి వణక్కుండా చుక్క వేసేవాడు.

"గంట ఎలా ఉంది బావా?"

"నీ మీద బెంగ పెట్టుకుంది. మాట్లాడకు, మందు కారిపోతుంది."

"పాలిష్ ఎవరు పెడుతున్నారు?"

"ఎవరూ పెట్టట్లేదులే. నువ్వొచ్చాకే."

ఆమె నవ్వేది. కళ్ళలోంచి మందు చెంప మీదికి జారేది.

డాక్టర్లు సరే అన్నాక, సంఘం ఏడాది సభకి ముందు రోజు పొద్దున్నే గంటమ్మ మెట్లెక్కింది. కొత్త కళ్ళకి అన్నీ కొత్తగానే ఉన్నాయి. గోడ ఇంత మాసిపోయిందా అనుకుంది. కెప్టెన్ మీసం ఇంత తెల్లబడిందా అనుకుంది. గంట మాత్రం తళతళా మెరుస్తోంది. పాలిష్ పెట్టలేదన్నాడే, అనుకుంటూనే గుడ్డ తీసి పని మొదలుపెట్టింది. చేతికి గంట కాస్త నునుపుగా తగిలింది. ఇన్నాళ్ళు ముట్టుకోలేదు కదా, చెయ్యి మర్చిపోయుంటుందిలే అని సర్ది చెప్పుకుంది. తుడవడం అయ్యాక అలవాటుగా చీపురుపుల్లకి గుడ్డ చుట్టి, చివరి అంకె దగ్గర పెట్టింది.

పుల్ల దిగడానికి చోటు లేదు.

కన్ను దగ్గరగా పెట్టి చూసింది. బొజ్జ లేదు. నిటారుగా కాలు చాపుకుని ఏడంకె నిలబడి ఉంది. ముందు తన కొత్త కళ్ళనే అనుమానించింది, పాపం. కళ్ళు మూసుకుని వేలితో తడిమింది. వేలికీ ఏడే తగిలింది.

"కెప్టెన్ గారూ, ఈ చివరి అంకె ఎంతండీ?"

"ఏడు!" అని కేకేశాడు ఆయన. "కొత్త దాని మీద మీ బావ సరిగ్గా వేయించాడుగా."

"కొత్త దేని మీద?"

కెప్టెన్ ఆమె మొహం చూశాడు. మొదటిసారి గొంతు తగ్గించాడు. "అదేంటి గంటమ్మా. అసలుది పెద్ద మ్యూజియం వాళ్ళకిచ్చాం కదా. నీకు ఇష్టమేనని, కుటుంబమంతా ఒప్పుకుందని మీ బావ చెప్పాడు. నువ్వు కళ్ళ కట్టుతో ఉన్నావని నేను వచ్చి అడగలేదు. ఆయన అడిగాడనుకున్నాను."

ఆమె దగ్గరున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిలో చీపురుపుల్ల అలాగే ఉంది.

బావ మెట్లెక్కి వచ్చేసరికి కెప్టెన్ టోపీ పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా కిందికి దిగిపోయాడు. బావకు గుమ్మంలోనే అర్థమైంది. చేతిలో సంచీ బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీకు చెప్పాలనే అనుకున్నాను," అన్నాడు.

"ఎప్పుడు? కుడి కంట్లో చుక్క వేసేటప్పుడా, ఎడం కంట్లో వేసేటప్పుడా?"

"ఇక్కడ ఉప్పుగాలికి అది పచ్చబడిపోతోంది. లోపల పొడి రాలుతోంది. నువ్వే చూశావు. అక్కడైతే గాజు పెట్టెలో..."

"గాజు పెట్టెలో ముట్టుకోనిస్తారా?"

బావ బల్ల మీది సంచీని పక్కకు జరిపాడు.

"కుటుంబం ఒప్పుకుందన్నావట. కుటుంబమంటే ఎవరు?"

"నేను మాత్రం పెద్దల్లుణ్ణి కానా?"

"మా అమ్మ నీ ముందే అడిగింది నన్ను. నువ్వు తలుపు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నావు. నేను చూశాను. అప్పుడు నా కళ్ళు బాగానే ఉన్నాయి."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "వాళ్ళు నా మాట ఒప్పుకున్నారు మరదలా," అన్నాడు నెమ్మదిగా. "గంట పక్కన పలక పెడతారు. గంట మీదున్న సంవత్సరం తప్పు, ఓడ దిగింది మరుసటి ఏడాది అని. ఇక పుస్తకాలన్నీ దిద్దుతారు. ఇన్నేళ్ళకి."

అదీ సంగతి. ఉప్పుగాలీ నిజమే, పచ్చపొడీ నిజమే. కానీ ఆయన గంటని ఇచ్చి కొనుక్కున్నది ఒక్క అంకె.

గంటమ్మ చేతిలోని చీపురుపుల్ల వంక చూసుకుంది. కింద దుకాణంలో ఎవరో తాడు కొలిపించుకుంటున్నారు.

"ఒక్కటి అడుగుతాను, చెప్పు. ఈ దొంగ గంట మీద ఆరే వేయించి ఉంటే, నేను చచ్చేదాకా పట్టుకోగలిగేదాన్ని కాదు. నునుపు తేడా నా చేతిదే అనుకునేదాన్ని. ఏడెందుకు వేయించావు?"

బావ కళ్ళజోడు పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"పోతపోసేవాడు కూడా అడిగాడు, పాతదానిలాగే పొయ్యనా అని. సరే అందామనే అనుకున్నాను. నోరు రాలేదు. తెలిసి తెలిసి తప్పు సంవత్సరం నా చేత్తో ఎలా వేయించను?"

ఆమెకు ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. అది మంచి నవ్వు కాదు. చీపురుపుల్ల బల్ల మీద పెట్టి, గుడ్డ మడిచి, మెట్లు దిగింది.

ఆ మధ్యాహ్నమే మ్యూజియంకి వెళ్ళింది. గాజు పెట్టె, లోపల దీపం, పక్కన నున్నటి పలక. గంట అక్కడ చిన్నదిగా కనబడింది. ఆరంకె బొజ్జలో కళ్ళు మసకేసి తను ఆఖరుసారి తీయకుండా వదిలేసిన పాలిష్ తెల్లగా అలాగే ఉంది. చెయ్యి గాజుకి ఆనించింది. కాపలా మనిషి వచ్చి, "అమ్మా, అద్దం మీద మరకలు పడతాయి," అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

మర్నాడు సభ. కుర్చీలన్నీ నిండాయి. ముందు వరసలో ఒక ముసలాయన కూర్చున్నాడు, ఆ ఓడలో వంట చేసినాయన కొడుకు. ఎక్కడో దూరాన్నుంచి వచ్చాడు. ఇన్నేళ్ళకు కుదిరింది అని మెట్ల మీదే గంటమ్మకు చెప్పాడు. గంటని ఎప్పుడు ముట్టుకోనిస్తారని రెండుసార్లు అడిగాడు.

కెప్టెన్ లేచి, "గంట!" అని కేకేశాడు.

గంటమ్మ వెళ్ళి గంట నాలుకకి కట్టిన తాడు పట్టుకుంది. అందరూ లేచి నిలబడ్డారు. ముసలాయన అప్పుడే అరచెయ్యి పంచెకు తుడుచుకుంటున్నాడు. ఆమె తాడు లాగలేదు. తల తిప్పి బావను చూసింది.

"కార్యదర్శి గారూ," అంది. బావా అని కాదు. "ఓడ గంట మోగితేనే సభ మొదలవ్వాలని మీరే రాశారు. ఇది ఓడ గంటేనా? అవునని ఒక్క మాట అనండి, మోగిస్తాను."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు, కెప్టెన్‌కి తప్ప. బావ ముందు సభ విషయాలు రాసే పుస్తకం తెరిచి ఉంది. అవునంటే సరిపోయేది. సభ జరిగేది, ముసలాయన ముట్టుకుని ఏడ్చి తృప్తిగా వెళ్ళేవాడు, ఆమె కూడా నోరు మూసుకునేదేమో. ఆయన పెదవులు కదిలాయి. మరదలి వెనక అబద్ధం ఆడగలిగినాయనకు, నిండు సభలో రాతకి ఎక్కే అబద్ధం గొంతు దాటలేదు.

"కాదు," అన్నాడు.

గంటమ్మ తాడు వదిలేసింది. ముసలాయన దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "అసలుది గాజు పెట్టెలో ఉంది నాయనా. ముట్టుకోనివ్వరు. రండి, చూసైనా వద్దురుగాని," అంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగారు. వెనక కుర్చీలు జరుగుతున్న చప్పుడు. ఆ రోజు సభ జరగలేదు. తర్వాతా జరగలేదు. నియమం మార్చాలంటే సభ పెట్టాలి, సభ పెట్టాలంటే గంట మోగాలి. ఆ చిక్కుముడి విప్పడం దాన్ని రాసినాయన వల్ల కూడా కాలేదు.

బావ తర్వాత చాలాసార్లు ఆమె ఇంటికి వచ్చాడు. ఆమె కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. కూర్చోండి, తాగండి, వెళ్ళొస్తారా, అన్నీ మీరుతోనే. ఆయన ఒకసారి ధైర్యం చేసి, "మరదలా, కళ్ళెలా ఉన్నాయి?" అని అడిగాడు. "బాగా కనబడుతున్నాయండీ," అంది. ఆయన ఇక అడగలేదు. గంట ఇప్పటికీ గాజులోనే ఉంది, పుస్తకాల్లో ఇప్పుడు ఏడనే రాస్తున్నారు.

మీరు మాత్రం దీన్ని గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలకి చెప్పండి, వాళ్ళ పిల్లలకీ చెప్పమనండి. చెప్పేటప్పుడు గంట మీద ఆరంకె ఉండేదనే చెప్పండి, దాని బొజ్జతో సహా. ఎవరైనా చదువుకున్నవాళ్ళు కాదు ఏడని దిద్దబోతే, తెలుసు అనండి. తెలిసే ఆరంటున్నామని చెప్పండి.